లివింగ్ విల్ ముసాయిదా: ఈ ఐదు వాక్యాల్లో తప్పెక్కడుంది?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా వయోవృద్ధుల సంఘం సభ్యుల కోసం ఒక నమూనా పత్రం తయారుచేస్తున్నాం. మాట పడిపోయి, స్పృహ లేక, మన సంగతి మనం చెప్పుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది అక్కర్లేదో ముందే రాసిపెట్టుకునే పత్రం. లివింగ్ విల్ అంటున్నారు, కోర్టు భాషలో అడ్వాన్స్ డైరెక్టివ్. ముసాయిదా ఇదీ:

1. నాకు జబ్బు చేస్తే వెంటిలేటర్ పెట్టవద్దు.
2. నేను కోమాలోకి వెళ్తే వైద్యం మొత్తం ఆపేయాలి.
3. అనవసరమైన వైద్యం చేయవద్దు.
4. నా పిల్లలందరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.
5. నన్ను నొప్పి లేకుండా చనిపోనివ్వాలి.

కింద సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు. జిరాక్స్ తీసి పంచే ముందు ఆసుపత్రుల్లో, కోర్టుల్లో పనిచేసేవాళ్లు ఒకసారి చూసి చెప్పండి. మొహమాటపడొద్దు.

---

ఐసీయూ_రాత్రిడ్యూటీ

దయచేసి పంచకండి. మొదటి రెండు వాక్యాలూ బతకాల్సిన మనిషికి ప్రమాదం తెస్తాయి.

వెంటిలేటర్ ఎక్కిస్తే ఇక అయిపోయినట్టే అనే నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. కట్లపాము కరిచిన రైతును తీసుకోండి. విషానికి కండరాలు చచ్చుబడతాయి, కనురెప్ప కూడా లేవదు, ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. మెదడుకు మాత్రం ఏమీ కాదు, పక్కన ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినబడుతూనే ఉంటుంది. కొన్ని రోజులు మిషన్ మీద ఊపిరి నిలబెడితే కండరాలకు బలం తిరిగొస్తుంది, నడుచుకుంటూ ఇంటికెళ్తాడు. పురుగుమందు తాగినవాళ్లలో, నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే గిలన్ బారీ జబ్బులో, గట్టి న్యుమోనియాలో కూడా వెంటిలేటర్ చేసే పని ఇదే. అసలు జబ్బు తగ్గేదాకా ఊపిరి నిలబెడుతుంది. జబ్బే తగ్గేది కానప్పుడు మాత్రం అది చావును వాయిదా వేసే మిషన్ అవుతుంది. మీ మొదటి వాక్యానికి ఈ రెండింటికీ తేడా తెలియదు.

ఇక కోమా. షుగర్ మాత్ర వేసుకుని, అన్నం తినకుండా పడుకున్న పెద్దాయన పొద్దున ఎంత లేపినా లేవడు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 30 ఉంటుంది. నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే నిమిషాల్లో కళ్లు తెరిచి కాఫీ అడుగుతాడు. రక్తంలో సోడియం పడిపోయినా, బాత్రూంలో జారిపడి పుర్రె లోపల రక్తం చేరినా స్పృహ పోతుంది. అన్నీ కోమాలే, చాలావాటికి మందు ఉంది.

అందుకని పరికరం పేరుతో మొదలుపెట్టకండి, పరిస్థితితో మొదలుపెట్టండి. "నాకున్న జబ్బు నయం కాదని, కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చినప్పుడు, నా అంతట నేను నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు" అని ముందు రాసి, ఆ తర్వాత ఏవి వద్దో ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయండి: గుండె ఆగితే ఛాతీ నొక్కడం, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్, మెడకు రంధ్రం చేసే ట్రెకియాస్టమీ, డయాలిసిస్, బీపీ నిలబెట్టే మందులు, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం. ఇందులో ప్రతిదానికీ "వద్దు", "కావాలి", "కొన్నాళ్లు ప్రయత్నించి చూడండి" అని మూడు గడులు ఉండాలి.

ఆ మూడో గడి చాలా ముఖ్యం. దీన్ని మేం టైమ్ లిమిటెడ్ ట్రయల్ అంటాం. "మూడు రోజులో, వారమో ప్రయత్నించండి, ఫలానా ఫలానా మెరుగుపడకపోతే ఆపండి" అని. డెబ్బై దాటినవారికి న్యుమోనియా వచ్చిన మొదటి రాత్రి తిరిగి కోలుకుంటారా లేదా అనేది ఎవరికీ తెలియదు. మూడో రోజుకు కొంత తెలుస్తుంది. మిషన్ పెట్టకపోవడం, పెట్టింది తీసేయడం నీతి దృష్టిలో ఒకటేనని వైద్య నీతిశాస్త్రం చెబుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం తీసేయడమే చేతులారా చేసినట్టు అనిపిస్తుంది. గడువు ముందే రాసి ఉంటే ఆ భారం వాళ్ల నెత్తిన పడదు.

మూడో వాక్యం కొట్టేయండి. "అనవసరమైన" అంటే ఎవరి లెక్కలో? సంతకం పెట్టేవాళ్లకు ఒకటి, పెద్దకొడుక్కి ఒకటి, నాకు ఒకటి.

---

అడ్వకేట్_గుంటూరు

డాక్టర్ గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి బలం ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఇచ్చిన తీర్పే దీనికంతటికీ ఆధారం. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కు) భాగమని చెప్పి, ముందస్తు ఆదేశం ఎలా రాయాలో, ఎలా అమలు చేయాలో విధివిధానాలు పెట్టింది. పత్రంలో మాట స్పష్టంగా లేకపోతే మెడికల్ బోర్డు (రోగి పరిస్థితిని తేల్చే వైద్యుల బృందం) దాన్ని పక్కనపెట్టి, అసలు పత్రమే లేని రోగి విషయంలో నడిచినట్టు నడుచుకోవాలని అందులోనే ఉంది. అంటే మీ మూడో వాక్యం ఉన్న కాగితం ఉన్నా లేనట్టే.

2018 నాటి పద్ధతిలో జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా సంతకం పెట్టాలన్నారు. దాంతో దాదాపు ఎవరూ రాయలేకపోయారు. ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ మళ్లీ కోర్టుకు వెళ్తే 2023 జనవరి 24న సడలించారు. ఇప్పుడు కావలసినవి:

రాసేవారు 18 నిండి, మంచి మానసిక స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం. సాక్షులు వీలైనంతవరకు సంబంధం లేని బయటివాళ్లు అయి ఉండాలి. తర్వాత నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. తహసీల్దారు చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు. రాసినదాని పర్యవసానం తనకు తెలుసని, ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు తనకుందని పత్రంలో ఉండాలి. తన బదులు సమ్మతి చెప్పే సంరక్షకుడి పేరు గానీ దగ్గరి బంధువు పేరు గానీ ఉండాలి. ఒకరికన్నా ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. రెండు పత్రాలు బయటపడితే చివరి తేదీదే చెల్లుతుంది. స్టాంపు పేపరు మీదే రాయాలని తీర్పులో ఎక్కడా లేదు.

మీ నాలుగో వాక్యం గురించి. "పిల్లలందరూ కలిసి" అంటే అందరూ ఒప్పుకోవాలని అర్థం వస్తుంది. ఒకరు ఫోన్ ఎత్తకపోయినా నిర్ణయం ఆగిపోతుంది. ఒక పేరు రాయండి, ఆయన అందుబాటులో లేకపోతే రెండో పేరు. వరుస స్పష్టంగా ఉండాలి. వయసులో పెద్దవాడని కాదు, రాసినవారి మాటను తన అభిప్రాయంతో కలపకుండా చెప్పగలవాళ్లను ఎంచుకోవాలి. కూతురు కావచ్చు, స్నేహితుడు కావచ్చు.

అయిదో వాక్యంలో "చనిపోనివ్వాలి" అనే మాట తీసేయండి. ప్రాణం తీసే ఇంజెక్షన్ మన దేశంలో నేరం, తీర్పు అనుమతించింది వైద్యం పెట్టకపోవడాన్ని, ఆపడాన్ని మాత్రమే. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ చదివే వైద్యుడు భయపడతాడు. "నొప్పి, ఆయాసం, ఆందోళన తగ్గించే మందులు, వాటివల్ల మగత వచ్చినా సరే, ఇవ్వాలి" అని రాయండి.

ఇంకొకటి. కొందరు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి అదే సరిపోతుందనుకుంటారు. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిన మనిషికి మతి స్థిమితం పోతే ఏజెన్సీయే, అంటే ఆయన బదులు వ్యవహరించే అధికారమే, ముగిసిపోతుంది. అవసరమైన రోజునే జీపీఏ పనికిరాకుండా పోతుందన్నమాట.

---

మున్నేరు

మీరంతా పత్రం ఎలా రాయాలో చెబుతున్నారు. అసలు రాయించవచ్చా అనే అనుమానం నాది. మన ఇళ్లలో ముసలివాళ్ల చేత సంతకం పెట్టించడం ఎంతసేపు? పొలం కాగితాల మీద పెట్టించినట్టే ఇదీ పెట్టిస్తారు. "పిల్లలకు భారం కాకూడదు" అని ఆవిడే అంటుంది కూడా. ఐసీయూ బిల్లు కట్టలేక పెట్టిన సంతకాన్ని రోగి స్వేచ్ఛ అని ఎలా అంటాం?

---

ఐసీయూ_రాత్రిడ్యూటీ

మున్నేరు గారి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా బరువైనది. డబ్బు లేక ఆపేసే వైద్యం స్వయంనిర్ణయం కాదు. ఒప్పుకుంటాను.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా చూడండి. చాలా ఆసుపత్రుల్లో చట్టబద్ధమైన దారి తొక్కరు. "లామా" అని రాయించుకుంటారు, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం అని. ఫారం మీద కొడుకు సంతకం పెడతాడు. గొంతులో గొట్టంతోనే రోగిని అంబులెన్స్ ఎక్కిస్తారు. ఒకరు దారంతా అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూ వస్తారు, ఇంటి గుమ్మంలో గొట్టం తీస్తారు. మార్ఫిన్ ఉండదు, నర్సు ఉండదు. ఆయాసంతో గిలగిలా కొట్టుకుంటూ పోతారు. ఆ నిర్ణయంలో రోగి మాట ఎక్కడా ఉండదు, రెండో డాక్టరు అభిప్రాయమూ ఉండదు. పత్రం, బోర్డులు ఉన్న పద్ధతి ఎంత నెమ్మదైనా ఇంతకన్నా రోగికి ఎక్కువ రక్షణ ఇస్తుంది.

ఖర్చే కారణమైతే ముందు అడగాల్సినవి వేరు. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ జబ్బు ప్యాకేజీ ఉందా? ప్రభుత్వ బోధనాసుపత్రికి మార్చడానికి మంచం ఉందా? అవి తేలకముందే పత్రం బయటికి తీయకూడదు.

---

అడ్వకేట్_గుంటూరు

సాక్షులు బయటివాళ్లయితే మంచిదన్నది అందుకే. ఆస్తిలో వాటా ఉన్నవాళ్లను సాక్షులుగా పెట్టకండి. సంతకమప్పుడు పిల్లల్ని గది బయట కూర్చోబెట్టి, నోటరీ గారిని పత్రం తెలుగులో బిగ్గరగా చదివి, "ఇది మీ మాటేనా, ఎవరైనా రాయమన్నారా?" అని అడగమనండి. ధ్రువీకరించేవాళ్లు బలవంతం లేదని, అర్థమై రాశారని తమ సంతృప్తిని కూడా నమోదు చేయాలి. అది లాంఛనం కాదు. వేలిముద్ర వేసేవారి విషయంలో చదివి వినిపించినవారి పేరు కూడా పత్రంలో రాయాలి.

---

ఉపశమన_నర్సు

ఒక మాట అందరూ దాటేస్తున్నారు. స్పృహలో ఉండి, ఆలోచించి చెప్పగల రోగికి ఈ పత్రం, బోర్డులు ఏవీ అక్కర్లేదు. డయాలిసిస్ వద్దని ఆయనే చెప్పొచ్చు, అది చెల్లుతుంది. మన వార్డుల్లో జరిగేది ఏమిటంటే, మంచం మీద మనిషి మెలకువగా ఉండగానే డాక్టరు, కొడుకు వరండాలోకి వెళ్లి మాట్లాడుకుంటారు.

"ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు" అని అడగని కుటుంబం అరుదు. ప్రేమతోనే అడుగుతారు, వాళ్లను కసురుకోకూడదు. మేం చేసేది ఇదీ. ముందు కొడుకునే కూర్చోబెట్టి, "నాన్నగారికి ఇప్పటికే ఏం తెలుసనుకుంటున్నారు? చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడుగుతాం. తర్వాత రోగి దగ్గర, ఆయన వినికిడి మిషన్, కళ్లద్దాలు పెట్టించి, తలుపు దగ్గరికి వేసి, నిలబడకుండా కూర్చుని అడుగుతాం: "మీ జబ్బు సంగతులన్నీ మీకే చెప్పమంటారా? మీ అబ్బాయికి చెబితే చాలంటారా?" కొందరు "వాడికి చెప్పండమ్మా, నాకెందుకు" అంటారు. అదీ ఆయన నిర్ణయమే. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆయనదే. కానీ అడక్కుండా కొడుకు ఆ నిర్ణయం తీసుకోకూడదు. చాలామంది, "క్యాన్సరేగా? వీళ్లు చెప్పట్లేదు గానీ నాకు తెలుసు" అంటారు. ఇంట్లోవాళ్లు ఆయన దగ్గర, ఆయన ఇంట్లోవాళ్ల దగ్గర దాస్తూ వచ్చారన్నమాట. పొలం పంపకమో, అలిగి వెళ్లిన తమ్ముడితో మాటో, చేయాల్సినవి అలాగే ఉండిపోతాయి.

చెప్పాక ఆగాలి. ఒక వాక్యం చెప్పి, మౌనంగా ఉండాలి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వాలి. అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు. "ఇంటికెళ్లి అమ్మగారికి ఎలా చెబుతారు?" అని అడిగితే ఆయన మాటల్లో బయటికి వస్తుంది. "ఇక చేసేదేమీ లేదు" అనే మాట ఎప్పుడూ అనొద్దు. నయం చేయలేం, అంతే. నొప్పికి, ఆయాసానికి, నిద్రకు చేసేది చాలా ఉంటుంది.

నిర్ణయశక్తి గురించీ చెప్పాలి. ఆయన తెలుసుకున్నది గుర్తుపెట్టుకుంటున్నారా, తన విషయమేనని గ్రహించారా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, తన నిర్ణయం చెప్పగలరా, ఈ నాలుగూ చూడాలి. ఐసీయూలో రాత్రి కలవరింతగా ఉన్న పెద్దావిడ పొద్దున పదింటికి నిక్షేపంగా మాట్లాడొచ్చు. పెద్ద సంతకాలు పొద్దునపూట పెట్టుకోండి. నిర్ణయం మనకు నచ్చలేదని శక్తి లేదనకూడదు.

---

గోదారిగట్టు

అమ్మా, ముక్కు గొట్టం సంగతి చెప్పండి. సంఘంలో అందరూ అక్కడే ఆగిపోతున్నారు. "అన్నం పెట్టకుండా చంపేశాం అన్న మాట పడాలా" అంటున్నారు.

---

ఉపశమన_నర్సు

ఆ భయం నాకు అర్థమవుతుంది. మన ఇళ్లలో ప్రేమంటే అన్నం పెట్టడమే కదా.

మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్ల సంగతి ముందు. వాళ్లకు మింగడం పోతుంది. ముక్కు గొట్టం పెడితే ఆయుష్షు పెరుగుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోకుండా ఆగుతుందని గానీ వైద్య ఆధారాల్లో తేలలేదు. గొట్టాన్ని వాళ్లు పీకేస్తుంటారు, పీకకుండా చేతులు మంచానికి కట్టేస్తారు. దీని బదులు చేత్తో పెట్టడం ఉంది: పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, పలుచని నీళ్లు కాకుండా చిక్కని జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, అర చెంచా చొప్పున, మింగాకే ఇంకో చెంచా. నోరు తిప్పుకుంటే ఆపేయడం. ఎంత తిన్నారన్నది లెక్క కాదు.

చివరి రోజుల్లో ఆకలి, దాహం సహజంగా తగ్గిపోతాయి. బలవంతంగా సెలైన్ ఎక్కిస్తే కాళ్లవాపు, గొంతులో గురగుర ఎక్కువవుతాయి. బాధపెట్టేది నోరు ఎండిపోవడం. రెండు గంటలకోసారి తడిపి పిండిన గాజుగుడ్డ వేలికి చుట్టి చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల తుడవాలి, పెదవులకు కొబ్బరినూనో వాజలీనో రాయాలి. ఈ పని కూతురికో కోడలికో అప్పగించండి, చేతులు ఊరికే ఉండవు.

కొత్తగా వచ్చిన పక్షవాతంలో సంగతి వేరు. మింగడం కొన్ని వారాల్లో తిరిగి రావచ్చు, అందాకా గొట్టం కావాల్సిందే. కాబట్టి పత్రంలో గొట్టానికి కూడా పరిస్థితి రాయాలి.

మార్ఫిన్ అంటే భయపడకండి. మొదటిసారి వాడే పెద్దలకు నోటి ద్వారా 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో, నాలుగు గంటలకోసారి చొప్పున డాక్టర్లు మొదలుపెడతారు. కిడ్నీ బాగోకపోతే ఇంకా తగ్గించి, ఇంకా ఎడంగా. దాంతోపాటు విరేచనం మందు తప్పనిసరి, అది మర్చిపోతే మలబద్ధకం నొప్పికన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక గుర్తింపు ఉన్న వైద్యసంస్థలు తేలిగ్గా తెప్పించుకోగలుగుతున్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (ఉపశమన వైద్య) విభాగం ఉంది. మీ జిల్లాలో ఎక్కడ దొరుకుతుందో పత్రంతోపాటు రాసిపెట్టుకోండి.

---

రికార్డ్‌సెక్షన్

కార్పొరేట్ ఆసుపత్రి పరిపాలన వైపు నుంచి చెబుతున్నాను. పత్రం ఎంత బాగా రాసినా మూడుచోట్ల ఆగుతుంది.

మొదటిది, పత్రం బీరువాలో ఉండటం. రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి తెస్తారు, గొట్టం వేసేస్తారు, మూడో రోజు కాగితం దొరుకుతుంది. పేరు రాసిన ఇద్దరి దగ్గర, ఫ్యామిలీ డాక్టరు ఉంటే ఆయన దగ్గర ఒక్కో కాపీ ఉండాలి. ఫోన్‌లో స్కాన్ ఉండాలి. ఆభా నంబరు (కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతాది, 14 అంకెలు) ఉన్నవాళ్లు డిజిటల్ రికార్డులో కూడా చేర్చుకోవచ్చు. తీర్పు దానికి వీలు ఇచ్చింది.

రెండోది స్థానిక సంస్థ. పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్‌లలో ఒక అధికారిని ఈ పత్రాలకు కస్టోడియన్‌గా పెట్టాలి. కౌంటర్లో "ఇదేంటండీ, మాకు జీవో రాలేదు" అంటే వెనక్కి రాకండి. కమిషనర్ పేరున (ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి) కవరింగ్ లెటర్ రాసి, 2023 జనవరి 24 ఉత్తర్వు ప్రస్తావించి, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు పిన్ను కొట్టుకోండి.

మూడోది బోర్డులు. వరుస ఇదీ. చికిత్స చేస్తున్న డాక్టరు పత్రం నిజమైనదేనని సరిచూసుకుంటాడు. ఆసుపత్రి ప్రైమరీ బోర్డు వేస్తుంది: ఆ డాక్టరు, ఆ విభాగంలో కనీసం 5 సంవత్సరాల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు. 2018లో 20 సంవత్సరాలన్నారు, జిల్లాల్లో దొరికేవాళ్లు కాదు. వీలైతే 48 గంటల్లో అభిప్రాయం. తర్వాత సెకండరీ బోర్డు: జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు. ఇదీ 48 గంటల్లోనే. పత్రంలో పేరున్నవారి సమ్మతి. ఆపే ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి, అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. పత్రం లేని రోగికీ ఇదే దారి, సమ్మతి దగ్గరి బంధువులది.

మన దగ్గర ముఖ్య వైద్యాధికారి అంటే డీఎంహెచ్‌ఓ. నామినేషన్ అక్కడే ఆలస్యమవుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న ఈ తీర్పు అమలుకు సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాపీ జతచేసి మీ సంఘం తరఫున మీ జిల్లా కలెక్టరుకు, డీఎంహెచ్‌ఓకు ఇప్పుడే అర్జీ పెట్టండి. రోగి మంచం మీదున్నప్పుడు పెడితే చాలా ఆలస్యం.

ఆసుపత్రి కదలకపోతే కుటుంబం మెడికల్ సూపరింటెండెంటుకు "ప్రైమరీ మెడికల్ బోర్డు ఏర్పాటు చేయవలసిందిగా" అని ఒక్క వాక్యం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. నోటిమాట ఫైల్లోకి ఎక్కదు. బోర్డు ఒప్పుకోకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లొచ్చు.

---

మున్నేరు

ఒక సందేహం. భార్యకు ఆపరేషన్ అంటే భర్త సంతకం అడుగుతారు. స్వయంనిర్ణయం అంటున్నారు కదా, అది చట్టమా?

---

అడ్వకేట్_గుంటూరు

కాదు. స్పృహలో ఉన్న పెద్దావిడకు ఆవిడ సంతకమే సంతకం. గర్భస్రావానికి కూడా 18 నిండినవారికి 1971 ఎంటీపీ చట్టం ప్రకారం ఆవిడ సమ్మతి ఒక్కటే చాలు. ఆసుపత్రులు భర్త సంతకం అడిగేది తర్వాత గొడవ రాకుండా.

2008 జనవరి 16 నాటి సుప్రీంకోర్టు తీర్పు అందరూ తెలుసుకోవాలి. ఒక అవివాహిత పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టలోకి కెమెరా పంపి చూడటం) సమ్మతించింది. మత్తులో ఉండగా డాక్టరు బయటున్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు వర్తించదు, ఒక ఆపరేషన్‌కు ఇచ్చింది మరోదానికి వర్తించదు. ఆలస్యం చేస్తే ప్రాణానికి ముప్పయితేనే మినహాయింపు. తర్వాత ఎలాగూ చేయాల్సిందే కదా, ఇప్పుడే చేస్తే ఖర్చు కలిసొస్తుంది అనే వాదన నిలవలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ, ఆంధ్ర, తెలంగాణ, ముందుంటాయి. అందుకని ఫారంలో ఖాళీలు ఉంచి సంతకం పెట్టకండి. ఆపరేషన్ పేరు తెలుగులో రాయించండి. "ఇది చేయకపోతే ఏమవుతుంది, ఇంకే దారి ఉంది" అని అడగండి. పక్కన "ఇంతకుమించి చేయాల్సివస్తే నేను మేలుకున్నాక అడగాలి" అని చేత్తో రాసి సంతకం పెట్టొచ్చు. కేస్ షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, 2002 వైద్య ప్రవర్తనా నియమావళిలో ఉంది.

---

డల్లాస్_హాస్పిటలిస్ట్

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. ఇక్కడ నోటరీ చేయించిన భారతీయ పత్రం చూపిస్తే మీ కోరిక తెలుసుకోవడానికి పనికొస్తుంది. కానీ వచ్చిన వారంలోనే ఆ రాష్ట్రపు హెల్త్ కేర్ ప్రాక్సీ ఫారం నింపండి. సాక్షులా, నోటరీనా అనేది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. వైద్యం కోసం ఇక్కడ రాసే పవర్ ఆఫ్ అటార్నీ డ్యూరబుల్ రకం, స్పృహ పోయినా చెల్లుతుంది. ఇండియాదానితో కలగాపులగం చేసుకోవద్దు. తెలుగు దుబాసీని అడగడం మీ హక్కు. కొడుకు చేత అనువాదం చేయించవద్దు, చెడ్డవార్త దగ్గర అతని గొంతు పెగలదు, సగం మింగేస్తాడు.

ఇండియాలో తల్లిదండ్రులు ఐసీయూలో ఉంటే ఇక్కడివాళ్లు "నేను ఫ్లైట్ దిగేదాకా ఉంచండి" అంటారు. అడగడంలో తప్పులేదు. తల్లిదండ్రులు పత్రంలో దాని గురించి కూడా రాసుకోవచ్చు: "దూరాన ఉన్నవారి కోసం 48 గంటలకు మించి ఆపవద్దు" అనో, "నా కూతురు వచ్చేదాకా ఆగండి" అనో. ఏదైనా రాసినవారి మాటే.

---

గోదారిగట్టు

అందరికీ దండాలు. తిరగరాశాను:

"నేను, ఫలానా, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను. నా జబ్బు నయం కానిదని, కోలుకునే ఆశ లేదని వైద్య బోర్డు తేల్చి, నా అంతట నేను నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రమే ఈ ఆదేశం వర్తిస్తుంది. నయమయ్యే జబ్బుకు వెంటిలేటర్‌తో సహా అన్ని వైద్యాలూ చేయండి. నయమవుతుందో లేదో తెలియనప్పుడు ఏడు రోజులు ప్రయత్నించి చూడండి. ఆశ లేదని తేలాక ఛాతీ నొక్కడం, వెంటిలేటర్, ట్రెకియాస్టమీ, డయాలిసిస్, ముక్కు గొట్టం వద్దు, పెట్టి ఉంటే తీసేయండి. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు, మగత వచ్చినా సరే, ఇవ్వండి. నోటితో తినగలిగినంత పెట్టండి. వీలైతే ఇంట్లో ఉంచండి. నా బదులు మాట్లాడవలసినది (పేరు, ఫోను), ఆమె లేకపోతే (పేరు, ఫోను). దీని పర్యవసానం నాకు తెలుసు. ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోగలను."

---

ఐసీయూ_రాత్రిడ్యూటీ

ఇది పంచవచ్చు. రెండు చేర్పులు. అవయవదానం కోరుకునేవారు ఉంటే, బ్రెయిన్ డెత్ నిర్ధారణకు పరీక్షలు ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. ఆ తర్వాత అవయవాలు తీసేదాకా వెంటిలేటర్ ఉండాల్సిందే. "వెంటిలేటర్ వద్దు" అన్న వాక్యం ఆ దానాన్ని కొట్టేస్తుంది. కాబట్టి "అవయవదానానికి అవసరమైనంతసేపు వెంటిలేటర్‌కు నా సమ్మతి" అని రాయించండి, అవయవదానాలు చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు వేరుగా చేయించండి.

రెండోది, ఛాతీ నొక్కడం ఒక్కటే వద్దనుకునేవారికి 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన డీఎన్‌ఏఆర్ (గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం వద్దనే ఆదేశం) మార్గదర్శకాలు ఉన్నాయి. అది చికిత్స చేస్తున్న డాక్టరు రోగితోనో కుటుంబంతోనో మాట్లాడి కేస్ షీట్లో రాసేది. గుండె ఆగితే నొక్కవద్దనే దాని అర్థం, మిగతా వైద్యం మొత్తం నడుస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కుతాం. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు పక్కటెముకలు విరుగుతాయి. దీన్ని సభ్యులకు దాచకుండా చెప్పి, అప్పుడు గడి నింపమనండి.

---

రికార్డ్‌సెక్షన్

తెలుగు ప్రతికి ఇంగ్లీషు అనువాదం జతచేసి రెండింటి మీదా సంతకాలు పెట్టించండి. డ్యూటీ డాక్టరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు. పర్సులో ఒక చిన్న కార్డు: "నాకు ముందస్తు వైద్య ఆదేశం ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి". ఫోన్ నంబరు మారితే పత్రం మళ్లీ రాయక్కర్లేకుండా నంబర్లన్నీ వేరే షీటులో ఉంచండి.